అరవై జడల మేట్రను

ఆడపిల్లల హాస్టళ్లలో మేట్రనుగా నేను ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "రిజిస్టర్లు ఎలా రాయాలమ్మా? పై అధికారులతో ఎలా మాట్లాడాలమ్మా?" అని అడుగుతుంటారు. పిల్లల తలలు ఎలా చూడాలని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. నేను నేర్చుకున్నదంతా తలల దగ్గరే నేర్చుకున్నాను. చేసిన తెలివితక్కువ పనులు కూడా ఎక్కువ భాగం అక్కడే చేశాను.

మొదటి ఆరేళ్ల సంగతి చెబితే చాలు. నంద్యాలలో మూడేళ్లు, ఆళ్లగడ్డలో మూడేళ్లు. మిగతా ఇరవై మూడేళ్లూ అవే తప్పులు కాస్త తక్కువగా చేశాను, అంతే.

నా అర్హత

1954లో నంద్యాలలో ఒక బాలికల బోర్డింగులో చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మాది గడివేముల. మా నాయన అక్కడ బడిపంతులు, ఆదివారం ప్రార్థనలో పాటలు ఎత్తుకునేదీ ఆయనే. నేను ఒక ఏడాది ఆరోగ్య శిక్షణ పొందాను. ఆ శిక్షణలో ఇచ్చిన ఒక చిన్న పుస్తకం నా పెట్టెలో ఉండేది. వీటన్నిటికంటే పెద్ద అర్హత అని నేను అనుకున్నది నా జడ. మోకాళ్లకు తగిలేది. గడివేములలో నేను బావి దగ్గరికి పోతే ఆడవాళ్లు చేదతాడు వదిలేసి దాన్ని చూసేవాళ్లు. ఇంత జడను పెంచుకున్నదానికి అరవై మంది పిల్లల జడలు ఒక లెక్కా అనుకున్నాను.

బోర్డింగు హెడ్మిస్ట్రెస్ మార్తమ్మ గారు యాభై దాటిన మనిషి. రెండు మాటల్లో తిట్టగలిగిన చోట మూడో మాట వాడేవారు కాదు. చేరిన రోజు ఆమె నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, జడ దగ్గర చూపు ఆపారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను. మూడేళ్ల తర్వాత, బదిలీ అయి వెళ్లిపోయే రోజున ధైర్యం చేసి అడిగితే అసలు సంగతి చెప్పారు.

"ఇంత ఎంటికలు పెట్టుకోని ఇది పనేం చేస్తాదిలే అనుకుంటి. ఇంగెవురూ అర్జీ పెట్టుకోల్యా. ఏం జేస్తాం?"

సబ్బు రుద్దించిన మాఘం

మా వైపు చలి పోయి ఎండ వచ్చేది నెమ్మదిగా కాదు. రథసప్తమి దాకా పిల్లలు దుప్పట్లు వదలరు. శివరాత్రి దాటగానే బండల మీద కాలు పెట్టలేరు. ఈ రెండింటి మధ్య ఉండే మూడు వారాలు తలలకు గడ్డుకాలం. చలికి తలంటు తప్పించుకున్న పిల్లలు, ఒకే దుప్పటి కింద ఇద్దరు ముగ్గురు తలలు ఆనించి పడుకున్న పిల్లలు, ఎండ తగలగానే గోక్కోవడం మొదలుపెడతారు. పొడిగాలికి మాడు పగిలి చుండ్రు రాలుతుంది. వెంట్రుకలు ఊడతాయి. పేలు లేచి తిరుగుతాయి.

నా మొదటి మాఘంలో ఇదంతా చూసి పెట్టెలోంచి పుస్తకం తీశాను. నూనె దుమ్మును పట్టి ఉంచుతుందనీ, తలను తరచుగా సబ్బుతో కడగాలనీ అందులో ఉంది. అది రాసినవాళ్లు ఏ మంచు దేశంలో కూర్చుని రాశారో నేను ఆలోచించలేదు. అరవై మందికీ నూనె బంద్ చేశాను. రోజు విడిచి రోజు ఎర్ర సబ్బుతో తలలు రుద్దించాను.

నంద్యాల నేల కింద అంతా నాపబండ. మా బావినీళ్లలో సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. ఆ తెట్టు వెంట్రుకలకు పట్టి ఆరేది. మూడు వారాలు తిరిగేసరికి పిల్లల జడలు కల్లంలో తొక్కిన జొన్నచొప్పలా అయ్యాయి. దువ్వెన దిగేది కాదు. దిగితే పిడికెడు వెంట్రుకలతో బయటికి వచ్చేది.

మాకు నీళ్లు తోడి, పిల్లలకు వేన్నీళ్లు కాచే ఓబుళమ్మ అనే ఆమె ఉండేది. ఆళ్లగడ్డ దగ్గర పల్లె ఆమెది. నలభై ఏళ్లుంటాయి. రోజూ పొద్దున వరండా ఊడ్చి, ఊడిన వెంట్రుకలన్నీ ఉండ చుట్టి పారేసేది. ఒకరోజు ఆ ఉండను పారేయకుండా తీసుకుపోయి మార్తమ్మ గారి బల్ల మీద పెట్టింది. కొబ్బరికాయంత ఉంది.

నాకు కబురొచ్చింది.

"ఏందిది?" అన్నారు మార్తమ్మ గారు.

"వెంట్రుకలమ్మా."

"ఎవురివి?"

"అందరివీనమ్మా."

"నీ పుస్తకంలో వీటిని మల్లా ఎట్ల అతికియ్యాల్నో రాసినారా?"

రాయలేదని చెప్పాను. పుస్తకం అక్కడ పెట్టి పొమ్మన్నారు. ఆ తర్వాత అది నాకు తిరిగి రాలేదు.

అప్పుడు ఓబుళమ్మ చెప్పినట్టు చేశాం. ఆమె పనిలో కొత్తదేమీ లేదు, ప్రతి ఇంట్లో ముసలమ్మలకు తెలిసిందే. వారానికి ఒక్కసారే తలంటు. ముందురోజు సాయంత్రం గోరువెచ్చని నూనె మాడుకు పట్టించడం. పుల్లమజ్జిగలో నానబెట్టిన మెంతులు నూరి పూయడం. సీకాయ ఉడకబెట్టిన నీళ్లతో కడగడం. నీళ్లు కూడా కాగినవి కాదు, చెయ్యి పెడితే హాయిగా ఉండేంత. చుండ్రు తగ్గింది. జడలు మెత్తబడ్డాయి.

మీరు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. చలి పోయి ఎండ వచ్చే రోజుల్లో కొన్ని వెంట్రుకలు ఎలాగూ ఊడతాయి. భయపడి ఆ నెలలోనే కొత్త మందు మొదలుపెట్టకండి. తక్కువ కడగండి, నెమ్మదిగా దువ్వండి. ఎండలోకి పోయేటప్పుడు తలకు గుడ్డ కట్టించండి. ఇంత చిన్న మాట నేర్చుకోవడానికి నేను అరవై మంది పిల్లల తలలు పాడుచేశాను.

పేన్ల మూట

రెండో మాఘానికి నేను సీకాయలో ఆరితేరాను. కానీ పేలు పోలేదు. ఈ వారం తీయిస్తే వచ్చే వారానికి మళ్లీ హాజరు. ఎక్కడినుంచి వస్తున్నాయో అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను చేసే పని ఒకటే, ఎవరో ఒకరి మీద నెపం వేయడం. ఆ సారి మద్దమ్మ దొరికింది.

మద్దమ్మది అవుకు. పదమూడేళ్ల పిల్ల. ఆ ఏడే బోర్డింగులో చేరి ఎనిమిదో తరగతి చదువుతోంది. వాళ్లది కొర్రలు, జొన్నలు పండించే సేద్యం ఇల్లు. ఆ ఇంట్లో బడి మొహం చూసిన మొదటి ఆడపిల్ల తనే. వేసవి రాకముందే ఎనిమిదో తరగతి పెద్ద పరీక్ష రాయాలి. ఆ పిల్లకు జడ పిక్కల దాకా ఉండేది. పసితనంలో జ్వరం వచ్చి బతకదనుకుంటే, వాళ్లమ్మ మద్దిలేటి స్వామికి మొక్కుకుందట. పద్నాలుగో ఏట స్వామికి ఇచ్చేదాకా ఆ జుట్టుకు కత్తెర తగలకూడదు.

మా బోర్డింగులో ఎవరి తలలోనైనా పేలు విడవకుండా ఉంటే మెడ దాకా కత్తిరించేవాళ్లం. మద్దమ్మ దగ్గర ఆ రూలు సాగలేదు. "మొక్కు జడమ్మా, ముట్టుకుంటే మాయమ్మ సచ్చిపోతాది" అని రెండు చేతులతో జడ పట్టుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే, నాకంటే పొడుగు జడ నా కళ్లముందు తిరగడం కూడా నాకు కొంత కష్టంగానే ఉండేది. ఆ మాట అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పిల్ల చాపను అందరికీ దూరంగా వరండా చివర వేయించాను. భోజనాల వరసలో ఒకరోజు, "అవుకు నుంచి మనకు పేన్ల మూట వచ్చింది" అని ఛలోక్తిగా అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆ పిల్లను మద్దమ్మ అని ఎవరూ పిలవలేదు. పేన్ల మూట అనే పిలిచారు. పెద్దవాళ్లు నోరు జారితే పిల్లలు దాన్ని ఎన్నాళ్లు మోస్తారో నాకు అప్పుడు తెలియదు.

ఎద్దుకు చెప్పిన మందు

ఓబుళమ్మ ఒకరోజు వంటామెతో మాట్లాడుతుంటే నా చెవిన పడింది. నల్లమల అడవి నుంచి వచ్చే సీతాఫలాల గింజలు దంచి నూనెలో కలిపి పూస్తే ఒక్క పేను మిగలదని. ఇంకేం కావాలి? నేను ఆమెను అడగలేదు. మేట్రను నీళ్లమనిషిని మందు అడగడం ఏమిటి? రెండు దోసిళ్ల గింజలు సంపాదించి రోట్లో మెత్తగా దంచాను.

శనివారం పొద్దున ఓబుళమ్మ కుందూ ఏటి నుంచి మంచినీళ్లు తేవడానికి పోయింది. నేను మద్దమ్మను బావిగట్టు మీద కూర్చోబెట్టి, ఆ ముద్దను తల నిండా పట్టించి గుడ్డ కట్టాను. కాసేపయ్యాక గుడ్డ విప్పి, తల ముందుకు వంచమని, పైనుంచి చెంబుతో నీళ్లు పోశాను. పొడి అంతా కారి మొహం మీదికి వచ్చింది.

"అమ్మా, కండ్లు! కండ్లు మండుతాండాయమ్మా!" అని అరిచింది.

"సీకాయ పడినా మండుతుంది. ఓర్చుకో" అన్నాను. ఇంకో రెండు చెంబులు పోశాను.

నా ఉద్యోగ జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాటలు చాలా ఉన్నాయి. మొదటిది ఇదే.

ఆ పిల్ల నేల మీద పడి దొర్లుతుంటే ఓబుళమ్మ వచ్చింది. బిందె దించి, గుడ్డను వాసన చూసింది.

"ఏం పెట్టినావమ్మా?"

"నువ్వు చెప్పిందే. సీతాఫలం గింజలు."

"నేను చెప్పింది మా ఎద్దుకమ్మా! ఎద్దు మెడకు! అది కంట్లో పడితే సూపు పోతాది!"

నన్ను పక్కకు తోసేసింది. మద్దమ్మ తలను వెనక్కి వాల్చి ఒడిలో పెట్టుకుని, రెప్పలు వేళ్లతో విప్పి పట్టి, కుందూ నుంచి తెచ్చిన బిందెడు నీళ్లూ ధారగా కళ్లలో పోసింది. అవి అయిపోతే నన్ను తోడమంది. నేను తోడాను. ఎన్ని బిందెలు తోడానో తెలియదు. తర్వాత జట్కా పిలిపించి ఊళ్లో కంటి డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాం. మద్దమ్మ కళ్లు రెండూ ఉబ్బి మూసుకుపోయాయి. దారి పొడుగునా ఆ పిల్ల ఒకటే అడిగింది: "అమ్మా, పరీచ్చ రాయగల్తానా?"

డాక్టరు గారు మందు వేసి రెండు కళ్లకూ కట్టు కట్టారు. చూపు సంగతి పది రోజులు పోతేగానీ చెప్పలేనన్నారు.

"నీళ్లు పోసిందెవరు?" అని అడిగారు.

"మా ఓబుళమ్మ."

"పొడి పెట్టిందెవరు?"

"నేనే."

"రేపటి నుంచి ఆమెను మేట్రనుగా పెట్టుకోని, నువ్వు నీళ్లు తోడుపో" అన్నారాయన. అందులో కొంత అప్పటికే చేశానని ఆయనకు చెప్పలేదు.

మార్తమ్మ గారి తీర్పు

రాజీనామా కాగితం రాసుకుని మార్తమ్మ గారి దగ్గరికి పోయాను. ఆమె చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టారు.

"నువ్వు పోతే ఆ పాపకు అన్నం తినిపిచ్చేదెవురు? పాఠాలు సదివి ఇనిపిచ్చేదెవురు? కట్టు ఇప్పేదాంక నువ్వు యాడికీ పోయేది ల్యా. వాండ్ల నాయనకు జాబు రాయి. నువ్వే రాయి. కంట్లో నలుసు పడిందని రాసినావంటే సూడు."

ఆ ఉత్తరం నాలుగు సార్లు రాశాను. మొదటి మూడింటిలోనూ తప్పు గింజలదే. నాలుగోదానిలో నాది అయింది.

మద్దమ్మ తండ్రి నాగన్న మూడో రోజు అవుకు నుంచి బస్సులో వచ్చాడు. నెత్తిన తెల్ల రుమాలు చుట్టుకున్న పొడుగాటి మనిషి. బిడ్డ మొహం మీద కట్టు చూసి, పక్కన చాప మీద కూర్చున్నాడు. ఉత్తరం ఎవరితోనో చదివించుకున్నాడట. అయినా నన్ను మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. చాప దూరంగా వేయించిన సంగతి, పేన్ల మూట అన్న సంగతి కూడా చెప్పాను. అవి ఉత్తరంలో లేవు.

నాగన్న బిడ్డ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"సేన్లో ఎద్దుకు మందు ఎక్కువైతేనే మేం అన్నం తినలేం తల్లీ" అన్నాడు. "నువ్వు అన్నం తిన్యావా?"

తినలేదన్నాను. అది తిట్టో జాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత బిడ్డ వైపు తిరిగాడు. "ఏం పాపా, ఇంటికి పోదామా? నీకు సదువొద్దు, ఏమొద్దు. కండ్లుంటే సాలు."

మద్దమ్మ ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "పరీచ్చ రాసి వస్తా నాయనా."

"కట్టు ఇప్పినంక కనపడకపోతే?"

"అప్పుడు వస్తా. ఇప్పుడైతే రాను."

నాగన్న లేచి రుమాలు సర్దుకున్నాడు. "ఆ పాప ఉంటానంటాంది. ఉండనీ" అని నాతో అన్నాడు. నేను తల వంచుకుని నిలబడితే, పోతూ పోతూ ఓబుళమ్మకు చేతులెత్తి మొక్కాడు. నాకు మొక్కలేదు. అది న్యాయమే.

పది రోజులు

ఆ పది రోజులూ మద్దమ్మ తల నా ఒడిలోనే ఉంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. జడ తడిపి, నూనె రాసి, పాయలు పాయలుగా విడదీసి, సన్నపళ్ల పేన్ల దువ్వెనతో మాడు నుంచి చివరి దాకా లాగడం. దువ్వెన గుడ్డకు తుడవడం, మళ్లీ లాగడం. దువ్వుతూనే భూగోళం చదివి వినిపించేదాన్ని, చరిత్ర చదివేదాన్ని. లెక్కలు నోటితోనే చేయించేదాన్ని. లెక్కల్లో నేను తప్పు చెబితే ఆ పిల్ల దిద్దేది.

పేలకు మందు అంటూ ఉంటే అది ఇదే. దువ్వెన, ఓపిక, ఒడి. వారం తిరిగేసరికి ఆ పిక్కల దాకా ఉన్న జుట్టులో ఒక్క ఈపి మిగల్లేదు. కత్తెర అక్కర్లేదు, పొడి అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. తల ఒడిలో పెట్టుకుంటే పిల్లలు మాట్లాడతారు. ఎదురుగా నిలబెట్టి అడిగితే ఒక్క మాట చెప్పనివాళ్లు, మొహం కనపడకపోతే అన్నీ చెబుతారు. ఏ పిల్ల రాత్రుళ్లు ఏడుస్తుందో, ఎవరికి అన్నం చాలడం లేదో, ఏ టీచరు చేయి చేసుకుంటుందో రెండేళ్లుగా నాకు తెలియనివన్నీ ఆ పది రోజుల్లో తెలిశాయి. పేన్ల మూట అన్న రోజు తను అన్నం తినకుండా లేచిపోయిందనీ, నేను చూడలేదనీ కూడా చెప్పింది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది.

పదకొండో రోజు కట్టు విప్పారు. మొదట అంతా మసక అంది. రెండు రోజులు పోయాక మసక తగ్గింది. మూడో రోజు సాయంత్రం వరండాలో నా ముందు కూర్చుని, ఏదో అడగబోయి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"ఏం మద్దమ్మా? కనపడుతోందా?"

"బాగా కనపడుతాంది. అమ్మా, కదలాకండి."

చెయ్యి చాచి నా పాపిట దగ్గర నుంచి ఏదో తీసింది. బొటనవేలి గోరు మీద పెట్టి నాకు చూపించింది. బాగా బలిసిన పేను.

"మీ తల్లో ఉండాయమ్మా."

నేను నమ్మలేదు. నా జడ విప్పమన్నాను. ఇప్పుడు నా తల ఆ పిల్ల ఒడిలోకి పోయింది. ముప్పై దాకా లెక్కపెట్టి, మర్యాదకు ఆపేసింది.

అరవై తలలు చూసేదాన్ని కదా, నా తల ఎవరు చూస్తారు? పిల్లలకు దువ్విన దువ్వెనతోనే ఆఖరున నేను దువ్వుకునేదాన్ని. జడలు వేసేటప్పుడు పిల్లల తలలు నా భుజానికి ఆనించుకునేదాన్ని. ప్రతి వారం వాళ్ల తలలు శుభ్రం చేయించి, ప్రతి వారం నేనే మళ్లీ పంచిపెట్టాను.

ఓబుళమ్మ పక్కనే కుండలు తోముతోంది. తలెత్తలేదు.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలీకేం. పోయినేడు నుంచి గోక్కుంటానే ఉండావ్ గదా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఇంటావా?"

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక అరవై మంది ముందు నిలబడ్డాను. పేన్ల మూట మద్దమ్మ కాదనీ నేననీ చెప్పాను. ఆ పిల్లను క్షమించమని అడిగాను. వెనక వరసలో ఒకతె నవ్వింది, అందరూ నవ్వారు, మద్దమ్మ కూడా నవ్వింది. మార్తమ్మ గారు మాత్రం నవ్వలేదు, కళ్లద్దాలు తుడుచుకున్నారు. బదిలీ అయ్యేదాకా ఏడాది పైన నా పేరు పేన్ల మేట్రనమ్మే. నా ముందు ఎవరూ అనలేదు గానీ, గోడల మీద రెండు మూడు చోట్ల చదివాను.

మద్దమ్మ పరీక్ష రాసింది, పాసైంది. ఆ వేసవిలో మొక్కు తీర్చుకుని, జూన్‌లో నున్నటి గుండుతో హైస్కూలు చదువుకు తిరిగి వచ్చింది. ఆ ఏడు అరవై తలల్లోనూ నాకు పని తక్కువ పెట్టింది ఆ తలే.

ఆళ్లగడ్డ శనివారాలు

1957లో ఆళ్లగడ్డలో కొత్తగా పెట్టిన ఒక చిన్న హాస్టలుకు నన్ను పంపారు. అద్దె ఇల్లు, ఇరవై ఐదు మంది పిల్లలు. ఇక్కడ మొదటి వారం నుంచే ఒక పద్ధతి పెట్టాను. శనివారం పొద్దున అందరూ వసారాలో చాపలు పరుచుకుని వరసగా ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. అందరికంటే ముందు మేట్రను తల చూడాలి. వారానికొక పిల్ల చూస్తుంది. దొరికితే అందరికీ వినపడేలా చెప్పాలి. మొదట్లో భయపడ్డారు. తర్వాత నా తల చూసే వంతు కోసం పోట్లాడుకునేవాళ్లు.

మరుసటి ఫాల్గుణంలో ఒక శనివారం చెప్పాపెట్టకుండా తనిఖీకి ఒక అమ్మగారు వచ్చారు. కోస్తా వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చిన మనిషి. ఇస్త్రీ చీర, గట్టిగా బిగించిన ముడి. గడపలో నిలబడి వసారా అంతా కలయజూశారు.

"మేట్రను ఎక్కడమ్మా?"

నా తలను ఒడిలో పెట్టుకున్న పిల్ల కిందికి వేలు చూపించింది.

నేను వెంట్రుకలు విరబోసుకుని లేచి దండం పెట్టాను. పిల్లల ముందే చీవాట్లు పడ్డాయి. "ఇదేం పద్ధతండీ? పిల్లల చేత పేలు చూపించుకుంటారా? మీ హోదా ఏమిటి, మీరు చేస్తున్న పనేమిటి?" వింటూ జుట్టు ముడి వేసుకున్నాను. మూడేళ్ల కిందట అయితే పుస్తకంలోంచి ఏదో ఒకటి అప్పజెప్పేదాన్నే.

వంటిల్లు చూశారు, పడకలు చూశారు, నా గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మజ్జిగ ఇస్తే తాగారు. తర్వాత తలుపు దగ్గరకు వేయమన్నారు. వేశాను. ఆమె చేతులు వెనక్కి పెట్టి ముడి విప్పారు. సగం సవరం. దాన్ని తీసి ఒడిలో పెట్టుకున్నారు.

"రెండు నెలల నుంచీ ఊడుతోందండీ. చలి తగ్గిన దగ్గర్నుంచీ. వెనక వైపు వేలికి నున్నగా తగుల్తోంది. అద్దంలో కనపడదు కదా. కర్నూల్లో గది తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. చూసి చెప్పేవాళ్లు లేరు."

దీపం వత్తుల పెట్టె పక్కనున్న ముక్కాలి పీట తెచ్చుకుని ఆమె వెనక కూర్చున్నాను. పాయలు విడదీసి చూశాను. మూడు చోట్ల అర్ధరూపాయంత మేర ఒక్క వెంట్రుక లేదు. చర్మం నున్నగా ఉంది. పేనుకొరుకుడు అంటారు మా వైపు, కానీ పేలు కొరికింది కాదది. పేలు లేవు, ఈపులు లేవు, చుండ్రు కూడా లేదు.

"తలకు ఏం రాయమంటారు?" అని అడిగారు.

నా నోట్లో పది మందులు మెదిలాయి. ఉల్లిపాయ రసం, వెల్లుల్లి, గురివింద గింజ. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"నాకు తెలియదండీ" అన్నాను. "పేలు లేవని మాత్రం చెప్పగలను. పెద్దాసుపత్రిలో చూపించుకోండి. ఈలోగా మండే మందులేవీ రాయకండి."

ఉద్యోగంలో చేరాక నాకు తెలియదని నేను చెప్పడం అదే మొదటిసారి. ఆమె కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. సవరం అంచును వేళ్లతో సవరిస్తూ కూర్చున్నారు.

"ఇంకాసేపు చూడండి" అన్నారు.

ఇంక చూడ్డానికేమీ లేదు. అయినా చూశాను. కొంచెం కొబ్బరినూనె చేతికి రాసుకుని, మెల్లగా పాయ పాయా తీసి చూస్తూనే ఉన్నాను. ఆమె కళ్లు మూసుకున్నారు. వాళ్ల ఊరు గురించి, పోయిన అమ్మ గురించి ఏవో నాలుగు మాటలు చెప్పారు. వసారాలో పిల్లలు వంతుల కోసం పోట్లాడుకోవడం వినపడుతోంది. చాలాసేపటికి లేచి ముడి వేసుకుని, బస్సు టైమైందని వెళ్లిపోయారు.

మూడు వారాలకు ఆఫీసు నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. మేట్రను విద్యార్థినుల ముందు నేల మీద కూర్చుని తల చూపించుకోవడం హోదాకు తగదనీ, ఇకమీదట జరగకూడదనీ అందులో ఉంది. కింద ఆమె సంతకమే ఉంది. నేను దాన్ని ఫైల్లో పెట్టాను. శనివారాలు మానలేదు.

మళ్లీ మాఘం వచ్చింది. ఒక శనివారం పొద్దున మేమందరం చాపల మీద కూర్చున్నాం. గేటు చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆ అమ్మగారు. ఈసారి కూడా ముందుగా కబురు లేదు. ముడి చిన్నదిగా ఉంది, సవరం ఉన్నట్టు లేదు. పిల్లలు బెదిరిపోయి లేవబోయారు. నేను కూడా జుట్టు గబగబా చుట్టుకుంటూ లేచాను.

"కూర్చోండి, కూర్చోండి" అన్నారామె.

చెప్పులు గడప బయట విడిచారు. రిజిస్టర్లు అడగలేదు, వంటింట్లోకి పోలేదు. చేతిసంచి గోడకు ఆనించి పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, చాప మీద వరసలో అందరికంటే ముందున్న పిల్ల ముందుకు పోయి, ఆ పిల్లకు వీపు పెట్టి కూర్చున్నారు.

ఆ పిల్ల నా వైపు చూసింది, ఏం చేయమంటావని. చూడమని తల ఊపాను.